దూకి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి పడుతున్నాయా? ఇలా సరిచేసుకోండి

వాలీబాల్‌లో బ్లాక్‌కి ఎగిరినవాళ్లు కిందికి దిగేటప్పుడు ఒకసారి బంతిని వదిలేసి వాళ్ల మోకాళ్లు చూడండి. కొందరివి కాళ్లు నేలకు తగలగానే లోపలికి వంగి, ఒకదానికొకటి ఆనుకునేంత దగ్గరికొస్తాయి. ఇది అబ్బాయిల్లోనూ ఉంటుంది, అమ్మాయిల్లో ఎక్కువ. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్‌లో మోకాలి లోపల తొడ ఎముకను, కాలి ఎముకను కలిపి పట్టి ఉంచే ఏసీఎల్ లిగమెంటు తెగే ప్రమాదం అమ్మాయిలకు రెండు రెట్లకు పైగా ఉంటుంది. అదీ చాలాసార్లు ఎవరూ తగలకుండానే, దిగేటప్పుడో చటుక్కున పక్కకు తిరిగేటప్పుడో తెగుతుంది.

తప్పు మోకాలిదే అనుకుంటాం. కానీ తొడ లోపలికి తిరగకుండా పట్టి ఉంచేవి పిరుదు కండరాలు. ఎదిగే వయసులో అబ్బాయిలకు ఎత్తుతోపాటు కండబలమూ బాగా పెరుగుతుంది, అమ్మాయిలకు అంతగా పెరగదు. ఆ లోటు సాధనతో చాలావరకు పూడుతుంది. అందుకే అమ్మాయిలకు బరువు వ్యాయామాలు వద్దనే మాట వింటే నాకు బాధేస్తుంది.

1. ముందు చూసుకోండి. షార్ట్ వేసుకుని, ఫోన్‌ను ఎదురుగా మోకాలి ఎత్తులో పెట్టి వీడియో ఆన్ చేయండి. ఒంటికాలిపై నిలబడి ఐదు సగం బస్కీలు తీయండి. తర్వాత రెండో కాలు. వీడియోను స్లోమోషన్‌లో చూడండి. మోకాలి చిప్ప రెండో వేలి వైపు సాగితే మంచిదే. బొటనవేలు దాటి లోపలికి పోతున్నా, ఎత్తిన కాలివైపు నడుము జారుతున్నా పని చేయాల్సిందే.

2. పిరుదులకు బలం. పక్కకు పడుకుని పైకాలు ఎత్తండి. ఇక్కడే చాలామంది పొరబడతారు: పాదం ఆకాశం వైపు తిప్పి ఎత్తితే శ్రమంతా తొడ ముందుభాగానిదే అవుతుంది. వేళ్లు ఎదురుగా చూడాలి, మడమ కాస్త వెనక్కి ఉండాలి. ప్యాంటు వెనక జేబు దగ్గర మంట పుడితే సరిగ్గా చేస్తున్నట్టు. 12 చొప్పున మూడుసార్లు. అది తేలికయ్యాక పాత సైకిల్ ట్యూబ్ మోకాళ్లపైన కట్టుకుని పక్కకు నడవండి.

3. తొడ వెనక కండరాలు. మోకాళ్లపై నిలబడండి, తోడున్నవాళ్లు చీలమండలు పట్టుకోవాలి. వెన్ను నిటారుగా ఉంచి మెల్లగా ముందుకు వాలండి. మొదటివారం నాలుగైదు చాలు, మర్నాడు నొప్పులు బాగానే ఉంటాయి.

4. దిగడం నేర్చుకోండి. బలం ఒక్కటే పెరిగితే పాత అలవాటు పోదు. ఒక మెట్టు మీంచి దిగుతూ చప్పుడు వినండి. ధబ్‌మంటే మోకాళ్లు వంచకుండా దిగినట్టే. చప్పుడు లేకుండా దిగడం వచ్చాకే ఒంటికాలికి వెళ్లండి.

వారానికి మూడు రోజులు, కనీసం రెండు నెలలు చేయండి. జట్టు మొత్తానికైతే ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా వారి ‘11+’ అనే వార్మప్ ఉంది, 20 నిమిషాలు పడుతుంది. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల ఫుట్‌బాల్ అమ్మాయిలతో చేయిస్తే తీవ్రమైన గాయాలు దాదాపు సగం తగ్గాయని 2008లో తేలింది.

ఆటలో మోకాలు టక్‌మని, గంటల్లోనే వాచిందంటే మాత్రం ఇవేవీ వద్దు. మర్దన చేయించకండి, ఆట ఆపేసి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి.