తుఫాను తీరానికి దగ్గరయ్యే కొద్దీ బలపడుతుంటే ఏం చేయాలి

రాత్రి పడుకునేటప్పుడు మామూలు తుఫానే కదా అనుకున్నది తెల్లారేసరికి రాక్షసిలా మారిపోవడం నిజంగా జరుగుతుందండి. 2023 అక్టోబర్‌లో మెక్సికోలోని అకాపుల్కో మీదికొచ్చిన ఓటిస్ అలాంటిదే, ఒక్క రోజు ముందు దాకా సాధారణ తుఫాను, అర్ధరాత్రి దాటాక తీరం తాకేసరికి కేటగిరీ 5 (గాలి వేగాన్ని బట్టి ఇచ్చే అయిదు మెట్లలో అన్నిటికన్నా పైది) అయిపోయింది, జనానికి సర్దుకునే టైమే దొరకలేదు. అందుకే వాతావరణ శాఖ బులెటిన్‌లో ఇప్పుడు ఏ స్థాయి రాశారో దానికి కాదు, కనీసం ఒక మెట్టు పైదానికి రెడీ అవ్వండి.

సముద్రం పైనీళ్ళు 26.5 డిగ్రీలు దాటి వేడిగా ఉండి, ఆ వేడి లోతు దాకా దిగి ఉండి, పైకెళ్ళే కొద్దీ గాలి దిశా వేగం పెద్దగా మారకపోతే తుఫాను వేగంగా బలపడుతుంది. 24 గంటల్లో గాలి వేగం గంటకి 55 కిలోమీటర్లో అంతకన్నా ఎక్కువో పెరిగిందంటే చాలా సీరియస్ అన్నమాట. ఇంకోటి, గాలి వేగం రెట్టింపైతే అది గోడ మీద చూపించే ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగింతలు.

ఇక బులెటిన్ ఎలా చదవాలంటే, ముందు టైమ్ చూడండి, ఆరు గంటల పాత ఫార్వర్డ్ మెసేజ్‌ని నమ్ముకోవద్దు. మ్యాప్‌లో గరాటులా కనిపించేది తుఫాను సైజు కాదు, దాని కేంద్రం ఎటు వెళ్ళొచ్చో అన్న అంచనా మాత్రమే, మీ ఊరు గీత బయట ఉన్నా గాలీ వానా ఉప్పెనా రావచ్చు. కేటగిరీ నంబర్ కూడా గాలి గురించే చెప్తుంది, నీళ్ళ గురించి కాదు. నెమ్మదిగా కదిలే తుఫాను గాలి తక్కువున్నా ఒకేచోట కుంభవృష్టి కురిపించి ముంచేస్తుంది.

నీళ్ళ సంగతి మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోకండి. 2013లో ఫిలిప్పీన్స్‌లో హైయాన్ తుఫాను వచ్చినప్పుడు ఉప్పెన వస్తుందని హెచ్చరిక ఇచ్చారు, కానీ అక్కడి టక్లోబాన్ నగరంలో చాలామందికి ఆ మాటకి అర్థమే తెలియలేదు, సునామీ అని ఉంటే పారిపోయేవాళ్ళం అని తర్వాత చెప్పుకున్నారు, ఇది చదివినప్పుడల్లా మనసు పిండేసినట్టు అవుతుంది నాకు. ఉప్పెన అంటే గాలి సముద్రాన్ని ఒడ్డు మీదికి తోసేయడం, అదే టైమ్‌కి పోటు కూడా ఉంటే నీటిమట్టం ఇంకా పైకి లేస్తుంది. కాబట్టి మీ ఇల్లు సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉందో ఈరోజే కనుక్కోండి, పల్లంలో ఉంటే ఇల్లు ఎంత గట్టిదైనా ఖాళీ చేయాల్సిందే.

ఎప్పుడు బయల్దేరాలి అన్నదగ్గరే ఎక్కువమంది పొరపాటు పడతారు. తీరం దాటే టైమ్ నుంచి లెక్కేస్తారు, కానీ ఈదురుగాలులు దానికి చాలా గంటల ముందే మొదలైపోతాయి, అప్పుడు చెట్లు పడి రోడ్లు మూసుకుపోతాయి. గాలులు మొదలయ్యే టైమ్ నుంచి వెనక్కి లెక్కేసుకోండి, పగటి వెలుగులోనే వెళ్ళిపోండి, ముసలివాళ్ళు, పసిపిల్లలు, మంచాన పడ్డవాళ్ళు ఉంటే అందరికన్నా ముందు. మందులు, కాగితాలు, తాగే నీళ్ళు, టార్చ్, ఫుల్ ఛార్జింగ్ చేసిన పవర్‌బ్యాంక్ ఉంటే చాలు, మిగతా సామాను కోసం ఆగొద్దు.

ఉండిపోవాల్సి వస్తే కిటికీలు లేని లోపలి గదిలో ఉండండి. మధ్యలో ఒక్కసారిగా గాలి ఆగి ఆకాశం తేటపడితే అయిపోయిందని బయటికి రాకండి, అది తుఫాను కన్ను, కాసేపట్లో రెండో వైపు గాలి అంతే బలంగా ఎదురు దిశ నుంచి కొడుతుంది.

తగ్గాక కూడా పారే నీళ్ళలోకి దిగొద్దు, జానెడు లోతున్నా మనిషిని పడేస్తుంది. తెగిపడిన కరెంటు తీగల దగ్గరికి పోవద్దు, జనరేటర్‌ని ఇంట్లో పెట్టొద్దు, దాని పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు, తెలియకుండానే ప్రాణం పోతుంది.