తుపానుల ముందు హైబ్రిడ్ కారు ఇంజన్‌కు జాగ్రత్తలు

శ్రీకాకుళంలో నాకు తెలిసిన మెకానిక్ ఒకరు ఇంజన్‌లో పిస్టన్‌కు తగిలించి ఉండే రెండు కడ్డీలను, అంటే కనెక్టింగ్ రాడ్లను, బల్ల మీద పక్కపక్కన పెట్టి చూపించారు. ఒకటి కొత్తది. రెండోది, వరద నీళ్లలో ఆగిన కారును మళ్లీ స్టార్ట్ చేస్తే పాడైన ఇంజన్‌లోది. తేడా బియ్యపు గింజంత వంపు. “గాలిని నొక్కితే అణుగుతుంది, నీళ్లు అణగవు బాబూ” అన్నారు. ఆ కాస్త వంపుకే ఇంజన్ మొత్తం విప్పాల్సి వచ్చింది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర, 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటాయి. ఆ నెలలు మళ్లీ వస్తున్నాయి.

పెట్రోలు ఇంజనూ కరెంటు మోటారూ రెండూ ఉండే హైబ్రిడ్ కారులో అసలు ప్రమాదం నిశ్శబ్దమే. నెమ్మదిగా పోయేటప్పుడు మోటారే లాగుతుంది, ఇంజన్ ఆగి ఉంటుంది. చప్పుడు లేదు గనుక బాగానే పోతున్నామనిపిస్తుంది. బ్యాటరీ తగ్గగానే ఇంజన్ దానంతట అదే లేస్తుంది. గాలి పీల్చే గొట్టం దాకా నీళ్లుంటే, ఆ రాడ్ వంగడానికి ఒక్క గుక్క చాలు. సగం చక్రం మునిగే నీళ్లలోకి దిగనే దిగవద్దు. కారు ఆగిపోతే పవర్ పూర్తిగా ఆపండి, డ్యాష్‌బోర్డు మీద రెడీ దీపం ఆరిందో లేదో చూడండి, పవర్ బటన్ మళ్లీ నొక్కవద్దు. నారింజ రంగు తీగల జోలికి ఎవరినీ పోనివ్వద్దు, అవి అధిక వోల్టేజీవి.

సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ హైబ్రిడ్ మీద మనసుపడినవాళ్లకు ఒక మాట. బీఎండబ్ల్యూ ఐ8 మన దేశానికి 2015లో 2.29 కోట్ల ధరతో వచ్చింది. ఇంజన్ చూస్తే 1.5 లీటర్లు, మూడే సిలిండర్లు. చిన్నదే కదా అనుకోకండి. అది సీట్ల వెనక ఇరికించి ఉంటుంది. ముందుగా శిక్షణ ఉన్న మనిషి పెద్ద బ్యాటరీ కరెంటును ఆపాలి, ఆ తర్వాతే ఇంజన్ మీద చేయి వేయాలి. కూలీ అక్కడే పెరుగుతుంది. 2020లో ఆ కారు తయారీ ఆగిపోయింది. కారు ధర పడిపోతుంది కానీ విడిభాగాల ధర పడదు. ఇంజన్ దింపి బిగించడానికి ఎంతవుతుందో కొనేముందే రాయించుకోండి.

ఇక బీమా. విడిభాగాల తరుగు కోయకుండా చెల్లించే బంపర్ టు బంపర్ పాలసీ ఉంది కదా అని నిశ్చింతగా ఉండేవాళ్లను చాలామందిని చూశాను. నీళ్లు పీల్చి పాడైన ఇంజన్‌కు సాధారణంగా అది వర్తించదు, ఇంజన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకోవాలి. దాన్ని ఎక్కువగా పాలసీ తీసుకునేటప్పుడో రెన్యువల్ సమయంలోనో ఇస్తారు కాబట్టి పాలసీ కాగితం ఈ వారమే తీసి చూడండి. చాలా హైబ్రిడ్ బ్యాటరీలకు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంటుంది, వరద నష్టం అందులోకి రాదు.

నాగావళి ఒడ్డు పల్లంలోనో, విజయనగరం అపార్ట్‌మెంట్ల సెల్లారుల్లోనో కారు పెట్టేవాళ్లు హెచ్చరిక వినగానే మెరక మీదికి తీసుకెళ్లండి. కొన్ని కార్లలో బ్యాటరీని చల్లబరిచే గాలి వెనక సీటు పక్క జాలీ గుండా వెళుతుంది, నీళ్లు కూడా ఆ దారినే దూరతాయి.

నీళ్లు తగ్గాక, ఇంజన్ నూనె కొలిచే పుల్లను, అంటే డిప్‌స్టిక్‌ను, లాగి చూడండి. నూనె పాలు కలిపిన టీ రంగులో ఉంటే తాళం ముట్టవద్దు. నాలుగు చక్రాలూ పైకెత్తి మోసుకెళ్లే లారీనే పిలవండి, చక్రాలు నేల మీద దొర్లితే మోటారు కరెంటు పుట్టిస్తుంది. ఆ లారీవాళ్ల నంబరు ఇప్పుడే ఫోనులో పెట్టుకోండి. తుపాను రోజున అందరూ వాళ్లనే పిలుస్తారు.