తూనీగల్ని ఫొటోలో పోల్చుకోవడం – 4వ పాఠం: ఎర్రవన్నీ ఒకటి కావు

కిందటి పాఠంలో రెక్క మొదలు ఎక్కడో, ఈనెలు ఎలా పరుచుకుంటాయో చూశాం. ఇవాళ వాటితోనే పని.

సార్వా నాట్లు పడ్డాక కోనసీమలో ఏ పంటబోదె గట్టున నిలబడ్డా ఎర్ర తూనీగలు కనిపిస్తాయి. రెండేళ్లపాటు వాటన్నిటినీ స్కార్లెట్ స్కిమ్మర్, అంటే క్రోకోథెమిస్ సర్విలియా అని ఒకే ఫోల్డర్‌లో పడేశాను. ఓ ముసురు రోజున తీరిగ్గా పెద్దవి చేసి చూస్తే చాలా వరకు ట్రైథెమిస్ అరోరాలు! క్రిమ్సన్ మార్ష్ గ్లైడర్ అనేది దాన్నే.

నన్ను మోసం చేసింది ఎరుపే. మిట్టమధ్యాహ్నం ఫోన్ కెమెరాలో ఎరుపు ముద్దకట్టి, ఒంటిమీది గీతలన్నీ అందులో కలిసిపోతాయి. వెలుతురు కాస్త తగ్గించి తీయండి, ఫొటో చీకటిగా వచ్చినా ఫర్వాలేదు.

అమలాపురం దగ్గర కాలవ గట్టున జమ్ము పుల్ల మీద వాలినదాని ఫొటో ఒకటి ముందు పెట్టుకున్నాను. మొదట కాళ్లు. నల్లగా ఉన్నాయి. సర్విలియావైతే ఎరుపో, గోధుమ ఎరుపో ఉండాలి. తర్వాత రెక్కలు. ఎర్రదారంతో వల అల్లినట్టు ఈనెలన్నీ ఎర్రగా ఉన్నాయి, ఇది అరోరా లక్షణం. రెక్క మొదట్లో బంగారు మచ్చ ఇద్దరికీ ఉంటుంది, దాన్ని నమ్ముకోకండి. ఒంటిరంగు ఎరుపు మీద ఊదా పొడి చల్లినట్టుంది. ఎర్ర గోంగూర కాడ రంగు అంటాను నేను. ఇక పైనుంచి తీసిన ఫొటో ఉంటే వీపు చూడండి. సర్విలియాకి పొట్ట మధ్యన సన్నటి నల్లగీత నిలువునా సాగుతుంది. (తోక అంటాం గానీ, చిన్నప్పుడు మనం దారం కట్టి ఎగరేసింది దాని పొట్టకే, పాపం.)

ఎండ మండేటప్పుడు పొట్ట నిక్కబెట్టి నిలబడటాన్ని గుర్తుగా తీసుకోకండి. రెండూ ఆ పని చేస్తాయి.

మరో రెండింటితో అంత తంటా లేదు. పొట్ట చివరి కణుపుల మీద నల్లమచ్చలు, వెనక రెక్క మొదట్లో ముదురు మచ్చ ఉంటే యూరోథెమిస్ సిగ్నాటా. రెక్కల్లో మొదలు నుంచి చాలా దూరం నారింజ రంగు పరుచుకుని ఉంటే డిచ్ జ్యూయెల్. దీనికి 1793లో ఫాబ్రిషియస్ అనే కీటక శాస్త్రవేత్త పెట్టిన పేరులో కంటామినాటా అంటే లాటిన్‌లో మరకపడినది. ఊరి మురుక్కాలవ పక్కన కూడా ఇది హాయిగా బతికేస్తుంది.

అభ్యాసం: మీ ఎర్ర తూనీగల ఫొటోలు ఐదు తీసుకోండి. పొట్టను బొటనవేలితో మూసేసి, కాళ్లూ రెక్కలూ మాత్రమే చూసి పేరు రాయండి. ఆకు చాటున కాళ్లు కనబడకపోయినా, ఈనెలు చెదిరిపోయినా ‘తేలలేదు’ అని రాసి పక్కన పెట్టండి. నా ఫోల్డర్‌లో అలాంటివి ఇంకా చాలానే ఉన్నాయి.

వచ్చే పాఠంలో ఆడవాటిని, పడుచు మగవాటిని చూద్దాం. సర్విలియాలో ఆ రెండూ పసుపే, కాబట్టి పసుపు ఫొటోలేవీ చెరిపేయకండి.