బ్రిటన్‌లో పెద్ద కంపెనీలు కార్పొరేషన్ ట్యాక్స్ వాయిదాల్లో కట్టే విధానం

బ్రిటన్‌లో మామూలు కంపెనీలకు అకౌంటింగ్ పీరియడ్ (పన్ను కోసం లెక్కలు చూసే కాలం) ముగిశాక 9 నెలల ఒక రోజు దాకా కార్పొరేషన్ ట్యాక్స్, అంటే కంపెనీ లాభాలపై పన్ను, కట్టే గడువు ఉంటుంది. లాభాలు పెద్దవైతే ఈ వెసులుబాటు పోతుంది, ఏడాది లెక్కలు తేలకముందే వాయిదాలు మొదలవుతాయి. ఇందుకు దరఖాస్తు ఏమీ ఉండదు. అలాగని పన్ను శాఖ హెచ్‌ఎంఆర్‌సీ నోటీసు పంపుతుందని కూర్చోకూడదు. మన కంపెనీకి వాయిదాలు వర్తిస్తాయో లేదో మనమే చూసుకోవాలి.

ముందు చూడాల్సింది పరిమితి

ఏడాది లాభం 15 లక్షల పౌండ్లు దాటితే పెద్ద కంపెనీ, 2 కోట్ల పౌండ్లు దాటితే అతి పెద్ద కంపెనీ. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. అనుబంధ కంపెనీలుంటే ఈ పరిమితిని అన్నిటికీ సమానంగా పంచాలి. ఒకే యాజమాన్యం కింద హైదరాబాద్‌లో నడుస్తున్న కంపెనీ కూడా లెక్కలోకి వస్తుంది, వ్యాపారం లేకుండా ఖాళీగా ఉన్నది రాదు. ఒక కంపెనీకి మరో మూడు అనుబంధ కంపెనీలున్నాయనుకోండి. 15 లక్షలను నాలుగుతో భాగిస్తే పరిమితి 3,75,000 పౌండ్లే. 5 లక్షల లాభం వస్తే చాలు, అది పెద్ద కంపెనీ అయిపోతుంది.

మినహాయింపులు రెండున్నాయి. మొత్తం పన్ను 10,000 పౌండ్లు దాటకపోతే వాయిదాలు అక్కర్లేదు. మొదటిసారి పరిమితి దాటిన ఏడాది, లాభం కోటి పౌండ్లకు మించకపోతే అప్పుడూ అక్కర్లేదు. ఆ కోటినీ అనుబంధ కంపెనీలతో పంచాల్సిందే. అతి పెద్ద కంపెనీలకు ఈ మొదటి ఏడాది మినహాయింపు లేదు.

ఎప్పుడు, ఎంత

మన దేశంలో అడ్వాన్స్ ట్యాక్స్ తేదీలు అందరికీ ఒకటే. అక్కడ మాత్రం కంపెనీ అకౌంటింగ్ పీరియడ్‌ను బట్టి మారతాయి. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా అయితే పెద్ద కంపెనీ అక్టోబర్ 14, జనవరి 14, ఏప్రిల్ 14, జులై 14న కట్టాలి. అతి పెద్ద కంపెనీకి జూన్ 14, సెప్టెంబర్ 14, డిసెంబర్ 14, మార్చి 14. అంటే మన అడ్వాన్స్ ట్యాక్స్ గడువులకు సరిగ్గా ఒక రోజు ముందు. రెండు దేశాల ఖాతాలూ చూసే అకౌంటెంట్లు ఇది గుర్తుంచుకుంటే మేలు.

ఒక్కో వాయిదా ఏడాది పన్నులో నాలుగో వంతు. పైన చెప్పిన కంపెనీకి 25 శాతం చొప్పున పన్ను 1,25,000 పౌండ్లు, వాయిదాకు 31,250. లాభం అంచనా మారితే తర్వాతి వాయిదాతో పాటు పాత తరుగూ కట్టేయాలి. ఎక్కువ కట్టి ఉంటే తిరిగి అడగొచ్చు. తక్కువ కట్టిన మొత్తంపై గడువు తేదీ నుంచే వడ్డీ పడుతుంది. తెలిసి తెలిసీ తగ్గించి కడితే జరిమానా కూడా వేయొచ్చు. అందుకే ప్రతి వాయిదాకూ ముందు అంచనా వేసి, ఏ లెక్కన వేశారో కాగితం మీద పెట్టుకోండి.

కట్టేటప్పుడు

17 అక్షరాల పేమెంట్ రిఫరెన్స్ తప్పనిసరి. కంపెనీ పది అంకెల పన్ను నంబరుతో మొదలై, ఏ పీరియడ్‌కు చెందిందో చెప్పే అంకెలతో సాగి, ‘A’ అనే ఇంగ్లిష్ అక్షరంతో ముగుస్తుంది. ప్రతి పీరియడ్‌కూ ఇది మారుతుంది. పాతది కాపీ చేసి పెడితే డబ్బు నిరుటి ఖాతాలో పడుతుంది, ఆ తర్వాత టెన్షన్ మనకే. హెచ్‌ఎంఆర్‌సీ ఆన్‌లైన్ ఖాతాలో ఆ పీరియడ్ తెరిచి అక్కడున్న రిఫరెన్సే వాడండి.

బ్రిటన్‌లో బ్యాంకు నుంచి డబ్బు పంపే పద్ధతులు బ్యాక్స్, ఫాస్టర్ పేమెంట్స్, చాప్స్. బ్యాక్స్‌లో పంపితే మూడు పనిదినాలు పడుతుంది. ఫాస్టర్ పేమెంట్స్, చాప్స్ అయితే సాధారణంగా అదే రోజు లేదా మర్నాడు చేరతాయి. గడువు సెలవు రోజున పడితే, ఫాస్టర్ పేమెంట్స్‌కు తప్ప, అంతకుముందు పనిదినానికే డబ్బు చేరాలి. 2026 మార్చి 14 శనివారం, కాబట్టి చాప్స్‌లో పంపేవారికి శుక్రవారమే గడువు. ఫాస్టర్ పేమెంట్స్‌కు మీ బ్యాంకు రోజువారీ పరిమితి ఎంతో ముందే అడిగి తెలుసుకోండి.

గ్రూపులో చాలా కంపెనీలుంటే అన్నిటి తరఫున ఒకటే కట్టే ఏర్పాటు ఉంది. దానికి మాత్రం ముందుగా హెచ్‌ఎంఆర్‌సీకి దరఖాస్తు చేసుకుని ఒప్పందం కుదుర్చుకోవాలి.