గుడ్డు పెంకు గాయం లేకుండా ఊడి రావాలంటే

ఉడికించిన గుడ్డు ఒలుస్తుంటే పెంకుతో పాటు తెల్లసొన కూడా పెచ్చులుగా లేచి వస్తోందంటే, గుడ్డు మరీ తాజాదన్నా అయ్యుండాలి, చన్నీళ్లలో వేసి పొయ్యి ఎక్కించన్నా ఉండాలి. చాలా ఇళ్లలో రెండూ జరుగుతాయి. ఒలిచే పద్ధతి సంగతి ఆ తర్వాతే.

కాకినాడలో మాది కర్రీ పాయింట్. గుడ్డు పులుసు ఉన్న రోజు ట్రేలకు ట్రేలు ఒలవాలి. మాకు గుడ్లు అనపర్తి వైపు ఫారాల నుంచి వస్తాయి, నిన్న పెట్టినవి ఇవాళ మా గుమ్మంలో ఉంటాయి. ఆమ్లెట్‌కి, బుల్స్ ఐకి అంతకంటే కావలసిందేముంది! పులుసుకి మాత్రం అవి పనికిరావు. అప్పుడే పెట్టిన గుడ్డు తెల్లసొనలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉంటుంది. పెంకుకున్న సన్నటి రంధ్రాల గుండా అది మెల్లగా బయటికి పోతూ ఉంటుంది. అది పోయేకొద్దీ తెల్లసొనలో క్షార గుణం పెరుగుతుంది. మొదట్లో 8 దగ్గర ఉండే పీహెచ్ కొన్ని రోజుల్లో 9 దాటుతుంది. అలా మారాక తెల్లసొన, పెంకు లోపల అంటుకుని ఉండే పొరను అంతగా పట్టుకోదు. అందుకే ట్రే దిగగానే అట్ట మీద పెన్నుతో తేదీ వేస్తాను, వారం దాటినవే ఉడకబెట్టడానికి తీస్తాను.

తేదీ తెలియకపోతే గుడ్డును నీళ్ల గిన్నెలో వేసి చూడండి. అడుగున అడ్డంగా పడుకుంటే తాజాది. లావు కొన పైకి లేచి ఏటవాలుగా నిలబడితే ఒలవడానికి మంచి ఈడు. పూర్తిగా పైకి తేలితే పక్కన పడేయండి. నాటుకోడి గుడ్లు కూడా ఇంట్లో పెట్టిన రోజే ఉడకబెడితే ఇదే తంటా, నాలుగు రోజులు ఆగండి.

ఇక నీళ్లు. చన్నీళ్లలో వేస్తే గుడ్డు నీళ్లతో పాటే మెల్లగా వేడెక్కుతుంది. తెల్లసొన తీరిగ్గా గట్టిపడుతూ పొరకి అతుక్కుపోతుంది. తెర్లుతున్న నీళ్లలో వేస్తే పై వరస ఒక్కసారిగా గట్టిపడి పొర నుంచి విడిగా ఉండిపోతుంది. ఆవిరి మీదా ఇదే జరుగుతుంది కాబట్టి ఇడ్లీ పాత్ర కూడా బాగా పనిచేస్తుంది.

ఫ్రిజ్‌లో గుడ్లయితే అరగంట ముందు బయట పెట్టండి, లేకపోతే వేడి నీళ్లు తగలగానే చిట్లుతాయి. గుడ్ల మీద రెండు వేళ్ల ఎత్తున నీళ్లు నిలిచే గిన్నె తీసుకోండి. నీళ్లు బాగా తెర్లాక గుడ్లను చిల్లుల గరిటెతో ఒక్కొక్కటే అడుక్కి దించండి. పైనుంచి వదలకండి. వెంటనే మంట తగ్గించి, నీళ్లు చిన్నగా మరుగుతూ ఉండేలా చూసుకోండి. 11 నిమిషాలకు పచ్చసొన పొడిపొడిగా కాకుండా నిండుగా ఉడుకుతుంది. ఇడ్లీ పాత్రలో అయితే 13. అతిగా ఉడికితే తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిసి పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ రంగు వలయం కడుతుంది. తింటే హాని లేదు, కానీ చూడ్డానికి బాగోదు, వాసనా వస్తుంది.

దించగానే చన్నీళ్లలో వేయాలి. మే నెలలో మన ట్యాంకు నీళ్లకి చన్నీళ్లని పేరే గానీ, చెయ్యి పెడితే కాలుతుంది. అప్పుడు ఐసు గానీ కుండ నీళ్లు గానీ వాడండి, వేడెక్కితే మార్చండి. పది నిమిషాలు ఆగితే లోపలి గుడ్డు కొంచెం ముడుచుకుని పెంకుకి ఎడం ఇస్తుంది.

ఒలవడం లావు కొన నుంచి మొదలుపెట్టండి. అక్కడ గాలి గది ఉంటుంది. గట్టు మీద తడితే ఆ చోట పెంకు లోపలికి నొక్కుకుంటుంది. తర్వాత గుడ్డును అరచేతి కింద పెట్టి, పెంకు అంతటా సన్నటి బీటలు వచ్చేదాకా మెల్లగా దొర్లించండి. ఇప్పుడు లావు కొన దగ్గర గోటితో తెల్లటి పొరను పట్టుకోండి. కీలకమంతా ఆ పొర దగ్గరే. పెంకు ముక్కలను ఏరుతూ కూర్చుంటే పొర గుడ్డుకే ఉండిపోతుంది. బొటనవేలు పొర కిందికి దూరిందంటే పెంకంతా దానికే అంటుకుని, పూలదండ విప్పినట్టు చుట్టూ తిరుగుతూ వచ్చేస్తుంది. నీళ్లలో ముంచి ఒలిస్తే ఆ సందులోకి నీళ్లు వెళ్లి ఇంకా సులువవుతుంది.

ఉప్పు వేస్తే పెంకు బాగా వస్తుందని చాలామంది అంటారు. గుడ్డు చిట్లినప్పుడు కారే సొన తొందరగా గట్టిపడడానికి ఉప్పు సాయపడుతుంది, అంతే. వంట సోడా నేను వేయను. పొద్దున్నే హడావిడిలో ప్రెషర్ కుక్కర్ తప్పదంటే వాడుకోండి, పెంకు బాగానే వస్తుంది. కానీ విజిల్ వచ్చాక కూడా లోపల ఉడుకుతూనే ఉంటుంది కాబట్టి తెల్లసొన రబ్బరులా సాగుతుంది.

ఇంత జాగ్రత్త పులుసు కోసమే. నున్నగా వచ్చిన గుడ్డుకి తడి తుడిచి, నాలుగు వైపులా చాకుతో నిలువు గాట్లు పెట్టి, పసుపు, కారం వేసిన నూనెలో దొర్లిస్తే పైన బంగారు రంగు పొర కడుతుంది. గాట్లు మరవకండి, లోపలి ఆవిరికి దారి లేకపోతే గుడ్డు పేలి నూనె మీద పడుతుంది. చింతపండు పులుసు లోపలిదాకా దిగేది కూడా ఆ గాట్లలోంచే.