బరువెత్తితే నడుము పట్టేస్తోందా? తేడా ఎక్కడుందో ఇలా పట్టుకోండి

“నడుము వంచకు, మోకాళ్లు వంచు” అన్న పాఠం అందరికీ కంఠతా వచ్చు. నడుము పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లు కూడా దాన్ని తడుముకోకుండా అప్పజెప్తారు. అందుకని దాని జోలికి పోను. ఫిజియోథెరపీ చేసేవాడిగా నేను ముందు అడిగేది వేరు: ఎత్తినప్పుడు ఆ బరువు మీ పొట్టకు ఎంత దూరంలో ఉంది? ఎన్ని కిలోలో టక్కున చెప్తారు గానీ దూరం సంగతి అడిగితే నోరు తెరవరు.

లేపుతుండగానే నడుములో గుంజితే

కారణం చాలావరకు ఆ దూరమే. అమెరికాలో వృత్తి ఆరోగ్యంపై పరిశోధన చేసే నయాష్ సంస్థ లెక్క ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉంటే రెండు చేతులతో ఎత్తదగ్గ బరువు 23 కిలోలు. ఆ అనుకూలాల్లో ఒకటి, చేతులు చీలమండల నుంచి 25 సెంటీమీటర్లు దాటకపోవడం. దూరం 50 సెంటీమీటర్లయితే పరిమితి సగానికి, అంటే 11.5 కిలోలకు పడిపోతుంది.

కాబట్టి ముందు లాగండి, తర్వాత ఎత్తండి. కారు డిక్కీలో లోపలికి ఉన్న సూట్‌కేసును చేతులు చాచి అక్కణ్నుంచే లేపొద్దు. అంచుదాకా ఈడ్చి, పొట్టకు ఆనించుకుని లేపండి. పెట్టె మోకాళ్ల మధ్య పట్టనంత వెడల్పుంటే గొంతుక్కూర్చుని ఎత్తడం మరీ నష్టం, మోకాళ్లు అడ్డొచ్చి పెట్టె ఇంకా ముందుకు జరుగుతుంది. దాన్ని నిలువుగా తిప్పండి, లేదా రెండో మనిషిని పిలవండి. లోపల ఏముందో తెలియకపోతే ఒక మూల లేపి చూడండి. అరక్షణం పని. అయినా ఎవరూ చెయ్యరు.

ఒక పక్కే పట్టేస్తే

ఎత్తాక పాదాలు కదపకుండా నడుము మెలితిప్పారు. పాదాలతో తిరగాలి. తెలిసి కూడా మెలితిప్పుతున్నారంటే, దించాల్సిన చోటు మరీ పక్కనే ఉందన్నమాట. దాన్ని రెండడుగులు అవతలికి జరపండి, అప్పుడు నడవక తప్పదు.

బరువు తక్కువే, పద్ధతీ సరైనదే, అయినా కలుక్కుమంటే

మనిషిని బాగా తప్పుదారి పట్టించేది ఇదే. ఒకాయన నా గదిలోనే బ్యాగు ఎత్తి చూపించారు. బ్యాగు ఒంటికి ఆనుకునే ఉంది, తుంటి దగ్గరే వంగారు, ఎక్కడా వంక పెట్టడానికి లేదు. దానికి ముందు ఏం చేస్తున్నారని అడిగితే, పొద్దుట్నుంచీ స్టీరింగు ముందే కూర్చున్నానన్నారు. కారు ఆపీ ఆపగానే దిగి డిక్కీ తెరిచారు. తప్పు బ్యాగుది కాదు, ఆ కూర్చోవడానిది.

చాలాసేపు నడుము గుండ్రంగా వంచి కూర్చుంటే వెన్ను వెనకవైపు లిగమెంట్లు, అంటే ఎముకలను పట్టి ఉంచే పట్టీలు, మెల్లగా సాగుతాయి. లేచి నిలబడగానే అవి బిగుసుకోవు, వదులైన ఎలాస్టిక్‌లా కాసేపు అలాగే ఉంటాయి. ఆ కాసేపట్లో వంగితే వెన్నుకు ఉండాల్సిన పట్టు ఉండదు, చిన్న బరువు కూడా పెద్ద దెబ్బ కొడుతుంది. కెనడా పరిశోధకుడు స్టువర్ట్ మెక్‌గిల్ 1992లో దీన్ని కొలిచి చూపించారు. ఇరవై నిమిషాలు పూర్తిగా వంగి కూర్చున్నవాళ్లు లేచాక, రెండు నిమిషాల్లో సగం బిగువు మాత్రమే తిరిగొచ్చింది. అరగంట తర్వాత కూడా ఎంతోకొంత వదులు మిగిలే ఉంది.

నేల మీద వంగి కూర్చుని సామాన్లు సర్దినా, సోఫాలో జారగిలబడి ఫోన్ చూసినా ఇదే కథ. వెంటనే లేచి పెట్టె పట్టుకుంటారు, నింద పెట్టె మీద పడుతుంది.

పొద్దున్నే వచ్చే నొప్పిది ఇంకో దారి. రాత్రంతా పడుకునేసరికి వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. లేచిన మొదటి గంటలో ఆ ఉబ్బు చాలావరకు దిగిపోతుంది. వంగి ఎత్తే పనులు అప్పటిదాకా ఆపుకోగలిగితే ఆపుకోండి.

కూర్చున్న చోటి నుంచి లేచాక మాత్రం రెండు మూడు నిమిషాలు నడవండి, చేతులు పైకి చాచండి, చేతులు నడుము మీద పెట్టుకుని కాస్త వెనక్కి వాలండి. ముందు తేలికపాటివి దించి, బరువైనవి చివరికి ఉంచండి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, ‘వార్మప్’ అని వంగి కాలివేళ్లు ముట్టుకోవడం. అప్పటికే సాగి ఉన్నవాటిని ఇంకా సాగదీయడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు. దూరప్రయాణంలో నడుము వెనక చిన్న టవల్ చుట్ట పెట్టుకుంటే, అసలు అంత సాగే పరిస్థితే రాదు.

మర్నాడు నడుమంతా సలుపుతుంటే

అలవాటు లేని పని చేస్తే కండరాలు పడే బాధ. కొద్ది రోజుల్లో తగ్గుతుంది. మంచమెక్కకండి, మామూలుగా తిరుగుతూ ఉండండి. నడుముకు బెల్టు కట్టుకోమంటారా అని అడక్కండి: ఏ నొప్పీ లేనివాళ్లను అది కాపాడుతుందనడానికి సరైన ఆధారం లేదని అదే నయాష్ 1994లో తేల్చింది.

ఇవి కాక

నొప్పి పిరుదు మీదుగా మోకాలి కిందికి దిగి, తిమ్మిరెక్కుతుంటే నరం నొక్కుకుపోయి ఉండొచ్చు, డాక్టరుకు చూపించాలి. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లకు చిన్న బరువుతోనే వెన్నుపూస విరగొచ్చు, జ్వరంతో కూడిన నడుము నొప్పిదీ వేరే లెక్క. కూర్చునే భాగంలోనూ తొడల మధ్యా స్పర్శ పోయినా, మూత్రం రాకపోయినా, తెలియకుండా పోతున్నా, కాళ్లలో బలం తగ్గుతున్నా ఎత్తే పద్ధతి గురించి ఆలోచిస్తూ కూర్చోవద్దు. ఆ గంటలోనే ఎమర్జెన్సీకి వెళ్లండి.