జూడో నేర్చుకుందాం – 9వ పాఠం: గొంతు పట్టు సరే, మెడ విరుపు వద్దు

పోయిన పాఠంలో ప్రత్యర్థిని వెల్లకిలా 20 సెకన్లు అదిమిపట్టి ఇప్పాన్, అంటే పూర్తి గెలుపు, సాధించడం చూశాం. ఇంట్లో దుప్పటి పరిచి తమ్ముడి మీద ప్రాక్టీస్ చేసే ఉంటారు. ఈ పాఠం మాత్రం తమ్ముడి మీద వద్దు. కోచ్ ఎదురుగా, మ్యాట్ మీదే.

ఇక్కడ నల్లగొండలో నా దగ్గరికి వచ్చే పిల్లల్లో కబడ్డీ ఆడినవాళ్ళే ఎక్కువ. కబడ్డీలో కూతకొచ్చినవాడి నోరు మూసినా, గొంతు నొక్కినా ఫౌల్. కుస్తీలోనూ గొంతు పిసకనివ్వరు. జూడోలో గొంతు పట్టు ఉందనగానే దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒకడు, "గట్లైతే మెడ గూడ తిప్పొచ్చా సార్?" అన్నాడు. తిప్పకూడదు. ఎందుకో చూద్దాం.

రెండు వేళ్ళు దవడ కింద, గొంతు గుబ్బకు ఒక పక్కన మెల్లగా ఆనించండి. రెండో పక్క ముట్టుకోవద్దు. కొట్టుకుంటున్నది మెదడుకు నెత్తురు మోసే నాళం. అటొకటి, ఇటొకటి ఉంటాయి. గొంతు పట్టు, అంటే షిమే వాజా, సరిగా పడితే ఒత్తిడి ఈ రెండింటి మీదే పడుతుంది. పది సెకన్లలోపే స్పృహ తప్పొచ్చు. అందుకే పట్టు పడిందని తెలియగానే, చిక్కినవాడు ఓటమి ఒప్పుకుంటున్నట్టు చేత్తోనో కాలితోనో రెండుసార్లు తట్టాలి. తట్టిన క్షణమే పట్టినవాడు వదలాలి, రెఫరీ పిలుపు కోసం ఆగొద్దు. కేడెట్ వయసువాళ్ళు, అంటే 15 నుంచి 17 ఏళ్ళ పిల్లలు, గొంతు పట్టులో స్పృహ తప్పితే అంతర్జాతీయ రూల్స్ ప్రకారం ఇక ఆ పోటీలో ఆడనివ్వరు. తట్టడానికి సిగ్గుపడేవాళ్ళకు ఇది రెండుసార్లు చెబుతాను.

మెడ విరుపు సంగతి వేరు. అక్కడ బలం పడేది నాళాల మీద కాదు, మెడపూసల మీద. తల వెనక్కి లాగడం, పక్కకు మెలిపెట్టడం, గడ్డం పట్టి తిప్పడం అన్నీ ఇందులోకే వస్తాయి. జూడోలో కీళ్ళ పట్టు ఒక్క మోచేతికే. మెడకు, వెన్నుకు ప్రమాదం తెచ్చే పని చేస్తే నేరుగా హన్సోకు మాకే, బౌట్ పోయినట్టే. షిదోలా హెచ్చరించి వదిలేయరు.

వెనక నుంచి చేతులతో వేసే హడాకా జిమేలోనే మనవాళ్ళు ఎక్కువ తప్పు చేస్తారు. ముంజేయి గొంతు కిందికి దిగదు, దవడ మీదే ఆగుతుంది. కంగారులో అక్కడి నుంచే తలను పిండి లాగుతారు. పట్టు కుదరలేదు, మెడకు మాత్రం దెబ్బ. చేయి దవడ మీద ఆగితే వదిలి, మళ్ళీ దారి వెతకండి. గడ్డం దించుకుని కాపాడుకోవడం అవతలివాడి హక్కు.

కాళ్ళతో వేసే సంకాకు జిమేలో చూడాల్సింది ఒక్కటే: మెడతో పాటు అవతలివాడి ఒక చేయి కూడా మీ కాళ్ళ మధ్య ఉందా? ఉంటే సరే. చేయి లేకుండా తల ఒక్కటే ఇరికించి, పాదాలు మెలేసి కాళ్ళు చాపితే షిదో. నడుముకు అలా వేసినా అంతే. వట్టి వేళ్ళతో గొంతు నొక్కడం కూడా కుదరదు.

చిన్నపిల్లల విభాగాల్లో గొంతు పట్లే ఉండకపోవచ్చు. పేరు ఇచ్చేముందు మీ వయసు విభాగం రూల్స్ అడిగి తెలుసుకోండి.

ఈ వారం పని: జతగాడితో హడాకా జిమే చేతుల అమరిక 10 సార్లు, బిగించకుండా. ప్రతిసారీ అతను తట్టాలి, మీరు వదలాలి. వచ్చే పాఠంలో కాలర్‌తో వేసే జూజీ జిమే.